దొరబాబు నేర్చుకున్న చీప్ మాట

అప్పలకొండ పెరట్లో కుక్క లేదు. ఉన్న ముసలిది కిందటి వానాకాలంలో పోయింది. ఇంకోటి తెస్తాను, తెస్తాను అంటూనే అప్పలకొండ కాలం గడిపేస్తున్నాడు. కుండలు చేసుకుని బతికే ఇల్లది. పగటిపూట మొగుడు మట్టికి, పెళ్లాం కట్టెలకి పోతే పెరట్లో మనిషన్నవాడు ఉండడు. అలాంటప్పుడు కాపలా ఎవరయ్యా అంటే, దొరబాబు.

దొరబాబు గాడిద. ఎవర్నీ కరవడు, ఎవర్నీ తరమడు. కానీ తాటాకు దడి అవతల కొత్త అడుగు చప్పుడైతే చాలు, ఓండ్ర పెట్టేవాడు. ఆ ఓండ్ర వినగానే పక్క పొలాల్లో కలుపు తీసేవాళ్లు నడుం ఎత్తి, "అప్పలకొండ పెరట్లో ఏదో దూరినట్టుంది" అని కర్రలు పట్టుకుని బయల్దేరేవారు. ఆ భయానికే జీడితోటలో ఉండే నక్క నూకరాజు దడి దాకా రావడం, వాసన పీల్చడం, పెదాలు నాక్కుని వెనక్కి పోవడం, ఇంతే చేస్తుండేవాడు. ఆ వాసన పైడమ్మ పిల్లలది. పైడమ్మ కోడిపెట్ట. గుడ్లు పిగిలి పిల్లలు బయటికొచ్చి ఎన్నాళ్లో కాలేదు, పసుపు ముద్దల్లా ఉండి పెరడంతా దొర్లేవి.

ఆ పెరట్లోనే గేదె సూరమ్మ కూడా ఉండేది. తొందరన్నది ఎరగదు. ఎవరేం అడిగినా మేతతో పాటు ఆ మాటను కూడా బాగా నెమరేసి గానీ జవాబు చెప్పేది కాదు.

దొరబాబుకి ఒక్కటే సరదా, ఇంగ్లీషు. వారం వారం గడ్డి పరిచిన బుట్టల్లో కుండలు మోసుకుని సంతకి పోతాడు కదా, అక్కడ అప్పలకొండ బేరాలాడుతుంటే తను చెవులు రిక్కించి ఉండేవాడు. టౌను నుంచి వచ్చేవాళ్ల నోట ఏ ఇంగ్లీషు ముక్క పడుతుందా, ఎప్పుడు పట్టుకుందామా అని. ఒకటీ అరా పట్టుకున్నా, ఇంటికొచ్చేసరికి దారిలో ఎక్కడో జారిపోయేవి.

ఒక మంగళవారం మాత్రం జారని మాట దొరికింది.

సంత పక్కన రోడ్డు మీద కారాగింది. నల్లకళ్లద్దాలావిడ దిగి, అప్పలకొండ పేర్చిన మూకుళ్లలోంచి ఒకటి తీసి, గోటితో కొట్టి చూసి, ధర అడిగింది. అప్పలకొండ చెప్పాడు. ఆవిడ మొగుడి వైపు తిరిగి, "చాలా చీప్ అండీ" అంది. అని నవ్వింది. మొగుడూ నవ్వాడు. మూకుడు కొన్నారు, దాంతో పాటు కూజా కూడా కొన్నారు. ఆవిడ ఆ కూజాని చంటిపిల్లని పట్టుకున్నట్టు పొట్టకి ఆనించుకుని కారెక్కింది. డబ్బు బొడ్లో దోపుకుంటూ అప్పలకొండ కూడా నవ్వాడు.

పక్కనే ప్లాస్టిక్ బకెట్లవాడు ఉన్నాడు. వాడు బల్లెక్కి, "చీప్, చీప్, చీప్" అని అరవడం మొదలెట్టగానే కూరల దగ్గరున్న ఆడవాళ్లు కూరలు వదిలేసి వచ్చారు.

దొరబాబు అంతా చూశాడు, తనలో తను తేల్చుకున్నాడు. విన్నవాడి మొహం వెలిగే మాట ఇది. అన్నవాళ్లు ఆ వస్తువుని వదలకుండా ఇంటికి పట్టుకుపోతున్నారు. అంటే చక్కనిది, ముద్దొచ్చేది, విడిచిపెట్టలేనిది, ఈ మూడూ కలిపి ఇంగ్లీషులో చీప్ అంటారు కాబోలు.

ఎవర్నీ అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది.

దారి పొడుగునా ఆ మాటను నాలిక మీద పెట్టుకుని, జారకుండా ఇంటికి చేర్చాడు. పెరట్లో అడుగు పెట్టగానే ఎదురుగా సూరమ్మ.

"సూరమ్మత్తా, నీ పాలు చాలా చీప్" అన్నాడు.

సూరమ్మ కాసేపు నెమరేసింది. "అంటే ఏంట్రా?"

"ఇంగ్లీషు. కార్లలో తిరిగేవాళ్ల మాట. అంతకన్నా మెచ్చుకోవడానికి వాళ్ల దగ్గర కూడా మాట లేదు."

"అలాగా" అంది సూరమ్మ. ఇంకాసేపు నెమరేసింది. "ఇంకోసారి అను."

అన్నాడు. సూరమ్మ కళ్లు సగం మూసుకుంది. ఆ పాలు తాగేవాళ్లు ఇన్నేళ్లలో నీళ్లు కలిపారని సణిగారే గానీ ఇలాంటి ముక్క ఒక్కరూ అనలేదు.

అంతలో పైడమ్మ పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. "మరి నా పిల్లలో, మరిదీ?"

దొరబాబు మెడ వంచి ఆ పసుపు ముద్దల్ని ఒక్కొక్కదాన్నీ పరీక్షగా చూశాడు. "వదినా, సంతలో ఇంతమందిని చూశాను. నీ పిల్లలంత చీప్ పిల్లల్ని నేనెక్కడా చూడలేదు."

పైడమ్మ రెక్కలు విదిల్చుకుని, మెడ ఈకలు పొంగించుకుని, పిల్లల్ని పెరడంతా ఒక చుట్టు తిప్పి తెచ్చింది. ఆ రోజు మొదలు ఆ పెరట్లో అదే మాట. పొద్దున్న ఎండ చీప్. తవుడు చీప్. అప్పలకొండ పెళ్లాం పాడుకునే పాట చీప్. దొరబాబు నడుస్తుంటే గిట్టల చప్పుడు కూడా అతని చెవికి కాస్త ఇంగ్లీషులో వినిపించసాగింది.

మరుసటి మంగళవారం దొరబాబు సంతకి పోయాక, దడి అవతల నూకరాజు కూర్చున్నాడు. గాడిద లేకపోయినా ఆ రోజు అప్పలకొండ పెళ్లాం వసారాలో కుండలకి రంగు పూస్తోంది. కాబట్టి లోపలికి రాలేడు. చెవి మాత్రం ఆనించి ఉంచాడు. పైడమ్మ ఒక పిల్లని, "ఏమే చీప్‌దానా, ఇటు రా" అని ముద్దుగా పిలవడం విన్నాడు. వినగానే ఆకలి మరిచిపోయి నవ్వుకున్నాడు. ఎందుకంటే టౌన్లో బిర్యానీ హోటలు వెనక ఎంగిలాకుల దగ్గర పెరిగినవాడు వాడు. ఇంగ్లీషు అక్కడ బాగానే వంటబట్టింది.

"చెల్లెమ్మా, దగ్గరికి రానులే, భయపడకు" అన్నాడు దడి అవతల నుంచే. "కన్నతల్లివి, నీ నోటితో నీ పిల్లని ఆ మాట అనడం విని మనసొప్పక అడుగుతున్నా. ఎవరు నేర్పారు?"

"మా దొరబాబు" అంది పైడమ్మ.

"నీ పిల్లల్ని అతనే అలా అన్నాడా?"

"అవును, మెచ్చుకున్నాడు."

నూకరాజు నిట్టూర్చాడు. అలా నిట్టూర్చడం వాడికి బాగా చేతనవును. "చీప్ అంటే ఏంటో తెలుసా, తల్లీ? టౌన్లో చీప్ లిక్కరని ఉంటుంది. తాగినవాడు రోడ్డు పక్కన పడుంటాడు. చీప్ చెప్పులని ఉంటాయి. నాలుగడుగులేస్తే ఊడిపోతాయి. మొన్న హోటలు ముందు ఇద్దరు చొక్కాలు పట్టుకుని కొట్టుకున్నారు. ఎందుకో తెలుసా? ఒకడు రెండోవాణ్ణి చీప్ అన్నాడు. నాసిరకం, పనికిమాలింది, అదీ ఆ మాటకి అర్థం. వేరే అర్థం లేదు. ఏమో, నాకెందుకు, మీరూ మీరూ ఒకటి." అని వాడి దారిన వాడు పోయాడు.

వాడు చెప్పిన లిక్కరూ నిజమే, చెప్పులూ నిజమే, కొట్లాటా నిజమే. అందుకే పైడమ్మ నమ్మింది.

ఇవేమీ తెలియని దొరబాబు సాయంత్రం హుషారుగా ఇల్లు చేరాడు. పైడమ్మ పిల్లల్ని రెక్కల కింద దాచుకుని ఎదురుచూస్తోంది.

"మరిదీ, మొన్న నా పిల్లల్ని ఏమన్నావు?"

"చీప్ అన్నాను వదినా. ఇప్పుడూ అంటాను."

"ఆ మాటకి అర్థం తెలిసే అన్నావా?"

అక్కడే ఉంది అసలు సంగతి. తెలియదు, సంతలో విని ఊహించుకున్నాను అని ఆ ఒక్కమాట అని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ వారం రోజులుగా ఆ పెరటికంతా ఇంగ్లీషు పంతులుగా వెలుగుతున్న దొరబాబుకి ఆ మాట నోట రాలేదు. తల ఎగరేశాడు.

"తెలియకుండా ఎందుకంటాను? నాకు తెలియని ఇంగ్లీషా?"

"తెలిసే అన్నావన్నమాట" అంది పైడమ్మ. గొంతు పెద్దది చెయ్యలేదు. దొరబాబుకి అందుకే భయం వేసింది. "నా పిల్లలు నాసిరకమని, పనికిమాలినవాళ్లని తెలిసే అన్నావు. నేనేమో దాన్ని పట్టుకుని వారం రోజులు మురిసిపోయాను. బాగానే నవ్వుకుని ఉంటావు."

"కాదు వదినా, అది..."

"సూరమ్మత్త పాలని కూడా అన్నావు."

దొరబాబు సూరమ్మ వైపు చూశాడు. సూరమ్మ మొహం అటు తిప్పుకుంది. పాల మాట ఆవిడకి బాగానే తగిలింది.

"నువ్వు ఇటు కాపలా ఉండక్కర్లేదు" అంది పైడమ్మ. "నా పిల్లల్ని నేను చూసుకోగలను. నాసిరకం పిల్లలే కదా, పోతే మాత్రం నీకేం."

దొరబాబు దడికి దారిగా వదిలిన సందులోంచి బయటకి నడిచాడు. పెరటి అవతల కుండలు కాల్చే ఆవం ఉంది. దాని పక్కన వెచ్చటి బూడిదలో పడుకున్నాడు. గడ్డి ఉంది, తినబుద్ధి కాలేదు. ఆ మాట అంత చెడ్డదైతే ఆ కారు ఆవిడ నవ్వుతూ ఎందుకంది? కూజాని అంత ప్రేమగా ఎందుకు పట్టుకుంది? ఎంత ఆలోచించినా తెగలేదు. ఒక్కటి మాత్రం తెగింది. తెలుసా అని అడిగినప్పుడు తెలుసని చెప్పాడు. అది అబద్ధం. మాట సంగతెలా ఉన్నా, ఆ అబద్ధం తనదే. ఎలాగైనా వెళ్లి చెప్పెయ్యాలి.

మర్నాడు అప్పలకొండ మట్టికి పోయాడు, పెళ్లాం కట్టెలకి పోయింది. ఎండెక్కాక దొరబాబు ధైర్యం చేసి లేచి, దడి దగ్గరికి నడిచాడు. సందు దగ్గరికి వచ్చేసరికి లోపల నుంచి నూకరాజు గొంతు వినిపించింది.

ఓండ్ర గొంతు దాకా వచ్చేసింది. పళ్లు బిగించి ఆపుకున్నాడు. ఇప్పుడు అరిస్తే నక్క పారిపోతుంది, నిజమే. రేపు మళ్లీ వస్తుంది. పైగా తనని పొమ్మన్న కోపంతో, చుట్టంగా వచ్చినవాణ్ణి తరిమేశాడని పైడమ్మ అనుకుంటుంది. ఆపుకోవడం మాత్రం మామూలు కష్టం కాదు. పొట్ట ఉబ్బిపోయింది, చెవులు వణికాయి. దడి సందులోంచి ఒక కంటితో చూశాడు.

నూకరాజు పెరటి మధ్యలో వినయంగా తోక చుట్టుకుని కూర్చున్నాడు. పైడమ్మ పిల్లల్ని సూరమ్మ కాళ్ల మధ్యకి చేర్చి నిలబడింది.

"కాపలా లేక పసిపిల్లలతో ఎంత అవస్థ పడుతున్నారో అని నిద్ర పట్టలేదు" అంటున్నాడు నూకరాజు. "మీరు ఊఁ అంటే నేనుంటాను. ఈ దడి దగ్గర నేనుంటే పాము రాదు, గద్ద రాదు, పిల్లి రాదు."

"నక్క?" అంది సూరమ్మ.

"నేనుండగా వేరే నక్క ఎలా వస్తాడత్తగారూ."

సూరమ్మ నెమరేసింది. "ఊరికే ఎవరూ కాపలా కాయరు. ఏం తీసుకుంటావు?"

ఆ ప్రశ్నకి నూకరాజు మొహం విప్పారింది. బేరం దాకా వచ్చిందంటే పని అయిపోయినట్టే అనుకున్నాడు. "ఏముంది, మీరు పారేసే గుడ్డు పెంకులు, తినగా మిగిలిన తవుడు. చుట్టుపక్కల ఎక్కడైనా విచారించుకోండి, ఇంత చీప్‌గా ఎవడూ చెయ్యడు."

సూరమ్మ నెమరెయ్యడం ఆపేసింది. అలా ఆపడం దొరబాబు ఎన్నడూ చూడలేదు.

"ఎలా చేస్తావన్నావు?"

"చీప్‌గా" అన్నాడు నూకరాజు. అనగానే వాడి చెవులు కొద్దిగా వెనక్కి వాలాయి.

"నిన్న నువ్వు చెప్పిందేంటి? నాసిరకం, పనికిమాలింది, వేరే అర్థం లేదు అన్నావు. నాలుగడుగులకి ఊడిపోయే కాపలా మాకెందుకు నాయనా?"

"అయ్యో అత్తగారూ, అది వేరు, ఇది వేరు. మనిషిని పట్టుకుని అంటేనే అది తిట్టు. ఇది ధర మాట. ధర విషయంలో చీప్ అంటే తక్కువకి దొరికిందని. అది మెచ్చుకోలే. సంతలో అందరూ సంతోషంగా అనే మాటే అది."

"సంతలోనా" అంది సూరమ్మ.

"సంతలోనే. నవ్వుతూ అంటారు."

"మా దొరబాబు కూడా ఆ మాట సంతలోనే విన్నాడు."

నూకరాజు చుట్టుకున్న తోక విప్పి, కాళ్లు సర్దుకున్నాడు.

"సంతలో విన్నాడు కాబట్టి వాడు విన్నది నవ్వుతూ అన్న మాటే" అంది సూరమ్మ, ఒక్కో ముక్కా నిదానంగా పేరుస్తూ. "మెచ్చుకోలనుకుని ఇంటికి మోసుకొచ్చాడు. ఎక్కడ అనాలో తెలియక ఇక్కడ అనేశాడు. తెలివితక్కువే గానీ, చెడ్డ బుద్ధి కాదు. మరి నీకో? రెండర్థాలూ తెలుసు. నిన్న పైడమ్మకి ఒక్కటే ఎందుకు చెప్పావు? రెండోది ఎందుకు దాచావు?"

పైడమ్మ మెడ చాచి నక్కనే చూస్తోంది. దడి అవతల దొరబాబుకి అప్పుడర్థమైంది. కారు ఆవిడ అబద్ధం చెప్పలేదు. తన చెవులూ తప్పు వినలేదు.

నూకరాజు వినయం వదిలేశాడు. ఒక్క ఉదుటున పిల్లల మీదకి దూకాడు. సూరమ్మ కొమ్ములు అడ్డం పెట్టింది. జీవితంలో ఆవిడ తొందరపడింది ఆ ఒక్కసారే. పైడమ్మ ఎగిరి వాడి ముక్కు మీద పొడిచింది. వాడు గిరుక్కున తిరిగి దడి సందు వైపు పరిగెత్తాడు.

ఆ సందులో దొరబాబు అప్పటికే వెనక్కి తిరిగి నిలబడి ఉన్నాడు. ఇందాకటి నుంచీ ఆపుకున్న ఓండ్ర, వెనకకాళ్ల తాపు, రెండూ ఒక్కసారే బయటికొచ్చాయి.

పెరట్లో ఒక మూల మట్టి గుంట ఉంది. అప్పలకొండ నీళ్లు పోసి, తొక్కి, వెన్నలా మెత్తగా చేసి ఉంచిన బంకమట్టి అందులో ఉంది. నూకరాజు వెళ్లి సరిగ్గా అందులో పడ్డాడు. లేచాడు, మళ్లీ పడ్డాడు. ఎలాగో పాక్కుంటూ బయటపడి, కర్రలతో వస్తున్న కలుపువాళ్ల కంట పడకుండా కంచె వారగా పరుగు తీశాడు. మంచి ఎండ. కొంత దూరం పోయేసరికి ఒంటి మీద మట్టి బిగుసుకుపోయింది. మోకాళ్లు వంగడం మానేశాయి. జీడితోట దగ్గర మేస్తున్న మేకలు వాణ్ణి చూసి పరిగెత్తనైనా లేదు. ఒక మేకపిల్ల దగ్గరికొచ్చి వాసన చూసి, మట్టే కదా అని మళ్లీ మేతలో పడింది. వాడికి ఆ తాపు కన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

పెరట్లో కాసేపటికి అంతా సర్దుకుంది. పైడమ్మ దొరబాబు ముందుకొచ్చి నిలబడింది.

"నేనే చెబుతాను వదినా" అన్నాడు దొరబాబు. "అర్థం తెలుసని నిన్న అన్నాను కదా. తెలియదు. నాకు నచ్చిన అర్థం నేనే పెట్టుకున్నాను. అడిగితే చిన్నతనం అవుతుందని నీ దగ్గర కూడా బుకాయించాను."

"నేను మాత్రం నిన్ను సరిగ్గా అడిగానా?" అంది పైడమ్మ. "ఆ మాట అర్థం నక్క చెబితే నమ్మాను. ఎందుకన్నావని నిన్ను అడగలేదు. ఇన్నాళ్లుగా నా పిల్లలకి కాపలా కాసింది ఎవరో నాకు తెలియదా?"

పిల్లలు అప్పటికే దొరబాబు గిట్టల మధ్య దూరి గింజలు వెతుక్కుంటున్నాయి. అతను కదిలితే తొక్కుతానేమోనని బిగబట్టి నిలబడ్డాడు.

"అయితే, ఇప్పుడు చెప్పు" అంది పైడమ్మ కొంచెం నవ్వుతూ. "నా పిల్లలెలా ఉన్నారు?"

దొరబాబు చాలాసేపు వెతుక్కున్నాడు. ఆ వారమే సంతలో ఇంకో ఇంగ్లీషు ముక్క కూడా విన్నాడు, అది నాలిక చివర ఆడుతూనే ఉంది. మింగేశాడు.

"బాగున్నారు వదినా" అన్నాడు.

సాయంత్రం అప్పలకొండ వచ్చి, చెడిపోయిన మట్టి గుంట చూసి, ఇది గాడిద పనే అని దొరబాబుని నానా మాటలూ అన్నాడు. అందులో ఒక్కటీ ఇంగ్లీషు కాదు, అన్నీ అర్థమయ్యాయి. దొరబాబు తల దించుకుని విన్నాడు. సూరమ్మ మాత్రం, వాడు అంటున్నది మట్టి పాడైందన్న బాధతోనే గానీ నీ మీద కోపంతో కాదులే అంటూ మేత వైపు తిరిగింది.

మాటకి అర్థం ఎవరైనా చెబుతారు. ఆ మాట ఎందుకన్నాడో మాత్రం అన్నవాణ్ణే అడగాలి.